అడిగినప్పుడు పుట్టే అంకెలు

వానకాలం వచ్చిందంటే సిద్దిపేట జిల్లాలో పత్రిక తెరచినవారి చూపు ముందుగా జలాశయాల లెక్క మీదికి పోతుంది. చంద్లాపూర్ వద్ద ఉన్న రంగనాయక సాగర్‌లో ఇన్ని టి.ఎం.సి.లు, మల్లన్న సాగర్‌లో ఇన్ని, మర్కూక్ దగ్గరి కొండపోచమ్మ సాగర్‌లో ఇన్ని అని వ్రాసి ఉంటుంది. నారు పోయవలెనా, మరికొన్నాళ్ళు ఆగవలెనా అని ఆలోచించే రైతుకు ఆ అంకె ఎంతో ముఖ్యం. అయితే ఇందులో ఒక చిత్రమైన సంగతి ఉన్నది. ఆ టి.ఎం.సి.లను ఎవరూ కొలవలేదు. అంత నీటిని ఏ కుంచంతోనూ కొలవడం సాధ్యం కాదు. కొలిచినది నీటిమట్టం ఒక్కటే. గట్టు దగ్గర నిలిపిన కొలబద్ద మీద నీరు ఏ గీత దాకా వచ్చినదో చూచి వ్రాసుకొంటారు, లేదా యంత్రమే ఆ పని చేస్తుంది. తక్కినదంతా లెక్క.

టి.ఎం.సి. అంటే వేయి మిలియన్ల ఘనపుటడుగులు, అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. మెట్రిక్ కొలతలో ఇది సుమారు 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. అంత నీటిని పదివేల ఎకరాల మీద సమానంగా పరిస్తే సుమారు 70 సెంటీమీటర్ల లోతు నిలుస్తుంది. విద్యార్థులు ఎకరానికి 4,047 చదరపు మీటర్ల చొప్పున ఈ లెక్కను తామే సరిచూసుకోవచ్చు. అంటే లెక్కలో ఒక టి.ఎం.సి.లో పదోవంతు తేడా వచ్చినా, అది వేయి ఎకరాల మీద మోకాటి పైకి వచ్చే నీరన్న మాట.

మట్టం నుంచి నిల్వ ఎట్లా తెలుస్తుంది? జలాశయం గిన్నె వంటిది. అడుగున ఇరుకు, పైకి పోయిన కొద్దీ విశాలం. అందువల్ల అడుగున ఒక మీటరు పెరిగినప్పుడు చేరే నీటికంటే పైన ఒక మీటరు పెరిగినప్పుడు చేరే నీరు చాలా ఎక్కువ. శంకువు ఆకారపు పాత్రను తలక్రిందుగా నిలిపి సగం ఎత్తువరకు నీరు పోస్తే అందులో పట్టేది సగం కాదు, ఎనిమిదోవంతు మాత్రమే. నిజమైన జలాశయం శంకువు అంత చక్కని ఆకారంలో ఉండదు. గుట్టలు, లోయలు, పాత వాగులు అన్నీ అందులో మునిగి ఉంటాయి. కనుక ఇంజనీర్లు నేలను సర్వే చేసి, ఏ మట్టానికి ఎంత నీరు నిలుస్తుందో ముందే లెక్కించి ఒక పట్టిక తయారు చేస్తారు. దీనిని సామర్థ్య పట్టిక అనవచ్చు.

ఉదాహరణకు 3 టి.ఎం.సి.లు పట్టే ఒక జలాశయాన్ని ఊహించుకొందాం. రంగనాయక సాగర్ సామర్థ్యం కూడా 3 టి.ఎం.సి.లే, కాని ఈ క్రింది మట్టాలు, నిల్వలు లెక్క తెలియడానికి కల్పించినవి. దీని పట్టికలో 480 మీటర్ల ఎదుట 1.20 అనీ, 481 మీటర్ల ఎదుట 1.40 అనీ ఉన్నదనుకొందాం. ఈనాటి మట్టం 480.40 మీటర్లు. రెండు గీతల మధ్య తేడా 0.20, అందులో పదింట నాలుగు వంతులు 0.08. కాబట్టి నిల్వ 1.28 టి.ఎం.సి.లు. నూటికి సుమారు 43 వంతులు నిండినదన్న మాట. సెకనుకు వేయి ఘనపుటడుగుల చొప్పున, అనగా వేయి క్యూసెక్కుల చొప్పున నీరు వచ్చి చేరుతూ, బయటికి ఏమీ పోకపోతే ఎన్ని రోజుల్లో నిండుతుంది? రోజుకు 86,400 సెకనులు. ఒక్క రోజులో ఒక టి.ఎం.సి. చేరవలెనంటే 11,574 క్యూసెక్కులు రావలెను. ఇంకా కావలసినది 1.72 టి.ఎం.సి.లు గనుక, దానిని 11,574తో గుణించి వేయితో భాగిస్తే దాదాపు 20 రోజులు వస్తుంది.

ఇప్పుడు ఈ అంకెలన్నిటినీ కంప్యూటరులో పెట్టి, అడిగినవారికి అందించవలెననుకొందాం. మట్టం, వచ్చే నీరు, పోయే నీరు కొలిచి నమోదు చేసినవి. నిల్వ, నిండిన వంతు, నిండడానికి పట్టే రోజులు లెక్కించినవి. ఈ రెండో రకం అంకెలను కూడా మొదటివాటి ప్రక్కనే వ్రాసిపెట్టవలెనా, లేక ఎవరైనా అడిగినప్పుడు అప్పటికప్పుడు లెక్కించి ఇవ్వవలెనా? చూడడానికి చిన్న ప్రశ్న. ఉపాధ్యాయులకు ఇది కొత్తది కూడా కాదు. బడిలో అడ్మిషన్ రిజిష్టరులో పిల్లవాని పుట్టిన తేదీ వ్రాస్తారు గాని వయస్సును ఏటేటా దిద్దుతూ కూర్చోరు. వయస్సు అడిగినప్పుడు తేదీని చూచి చెబుతారు. పుట్టిన తేదీ నమోదు అంశం. వయస్సు లెక్కింపు అంశం. ఇంగ్లీషులో ఈ రెండో దానిని కంప్యూటెడ్ ఫీల్డు అంటారు.

ఇట్టి అంశాలను చేర్చడానికి మిక్కిలి అనువైన పద్ధతుల్లో గ్రాఫ్‌క్యూఎల్ ఒకటి. ఇది కంప్యూటర్లు ఒకదానినొకటి సమాచారం అడగడానికి వాడే ప్రశ్నల భాష. 2012లో ఫేస్‌బుక్ సంస్థలో లీ బైరన్, నిక్ ష్రాక్, డాన్ షేఫర్ అనే ఇంజనీర్లు దీనిని రూపొందించారు. సెల్‌ఫోనుకు కావలసిన సమాచారాన్ని పలుమార్లు అడగకుండా, అక్కరలేనిది మోసుకురాకుండా తెప్పించడం వారి ఉద్దేశం. 2015లో సంస్థ దీనిని అందరికీ విడుదల చేసినది. 2018లో దీని బాగోగులు చూడడానికి లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యాన ఒక ప్రత్యేక ఫౌండేషన్ ఏర్పడింది.

హోటలులో భోజనం టిక్కెట్టు కొంటే విస్తరిలో పదార్థాలన్నీ వడ్డిస్తారు. తిన్నా తినకపోయినా సరే. గ్రాఫ్‌క్యూఎల్‌లో అట్లా కాదు. పేరు పెట్టి అడిగినదే విస్తరిలోకి వస్తుంది. అడగగల పదార్థాల జాబితా ముందే గోడమీద వ్రాసి ఉంటుంది. ఆ జాబితాకే స్కీమా అని పేరు. మన జలాశయాలకు అట్టి స్కీమా వ్రాస్తే ఇట్లా ఉంటుంది. ఈ భాషలో అంశాల పేర్లు నిజానికి రోమను అక్షరాలలోనే ఉండవలెను. చదువరుల సౌకర్యం కోసం ఇక్కడ తెలుగులో ఇవ్వడమైనది.

టైప్ జలాశయం {
  పేరు: స్ట్రింగ్!
  సామర్థ్యం: ఫ్లోట్!
  మట్టం: ఫ్లోట్
  వచ్చేనీరు: ఫ్లోట్
  పోయేనీరు: ఫ్లోట్
}

స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస, ఫ్లోట్ అంటే దశాంశ సంఖ్య. ఆశ్చర్యార్థకం ఉన్న అంశానికి విలువ తప్పక ఉండితీరవలెనని గుర్తు. ఇవన్నీ నమోదు అంశాలు. ఇక వీటిని ఆధారం చేసికొని స్కీమాను పెంచుదాం:

ఎక్స్‌టెండ్ టైప్ జలాశయం {
  నిల్వ: ఫ్లోట్
  నిండినవంతు: ఫ్లోట్
  నిండేరోజులు: ఫ్లోట్
}

ఎక్స్‌టెండ్ అంటే పొడిగించడం. మొదట వ్రాసిన దానిని ఏమాత్రం కదపకుండా క్రొత్త అంశాలు చేర్చాము. అయితే పేరు వ్రాసినంత మాత్రాన విలువ రాదు. ఒక్కొక్క అంశం వెనుక దాని విలువను తెచ్చి ఇచ్చే చిన్న ప్రోగ్రాము ఉండవలెను. దానిని రిజాల్వర్ అంటారు. ‘మట్టం’ అనే అంశపు రిజాల్వర్ పని సులభం. డేటాబేసులో వ్రాసి ఉన్న అంకెను తీసి ఇస్తుంది. ‘నిల్వ’ అంశపు రిజాల్వర్ చేతికి ఆ జలాశయపు వివరాలు అందుతాయి. అది మట్టాన్ని చూచి, సామర్థ్య పట్టికను తెరచి, పైన మనం చేసిన లెక్కనే చేసి 1.28 అని జవాబు ఇస్తుంది. అడిగినవారికి ఈ రెంటిలో ఏది నమోదు, ఏది లెక్కింపు అనేది తెలియదు, తెలియనక్కరలేదు కూడా. రెండూ స్కీమాలో ఒకే తీరున కనిపిస్తాయి.

ముఖ్యంగా గమనించవలసినది, అడగనిదే ఏ రిజాల్వర్ కూడా కదలదు. ఒకరు పేరు, మట్టం మాత్రమే అడిగితే పట్టిక తెరవడమే జరగదు. అందుచేత అరుదుగా అవసరమయ్యే కష్టమైన లెక్కలను సైతం స్కీమాలో చేర్చవచ్చు. వాటి భారం అడిగిన ప్రశ్నమీదనే పడుతుంది.

ఇంతకూ నిల్వను ఒకసారి లెక్కించి మట్టం ప్రక్కన వ్రాసిపెడితే తప్పేమిటి? పట్టిక మారకుండా ఉంటే పెద్ద తప్పేమీ లేదు. కాని పట్టిక మారుతుంది. ఏటేటా వరద తెచ్చే మట్టి జలాశయం అడుగున పేరుకొంటుంది. గిన్నె క్రమంగా పూడుతుంది. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, నేటి శ్రీరాం సాగర్, మొదట 112 టి.ఎం.సి.ల సామర్థ్యంతో రూపొందినది. తరువాతి సర్వేలలో అది 90 టి.ఎం.సి.లకు, ఆ పిమ్మట 80.5కు తగ్గినది. పూర్తి మట్టం మాత్రం అప్పుడూ ఇప్పుడూ 1,091 అడుగులే. శ్రీశైలంలో 885 అడుగుల పూర్తి మట్టానికి మొదటి లెక్క ప్రకారం 308 టి.ఎం.సి.లు నిలవవలెను, ఇప్పటి లెక్కలో అది 215.8 మాత్రమే. కొలబద్ద మీద గీత ఒకటే. పాత పట్టికను నమ్మినవాడు 92 టి.ఎం.సి.ల లేని నీటిని ఉన్నదనుకొంటాడు. పదివేల ఎకరాలకు ఒక టి.ఎం.సి. చొప్పున, తొమ్మిది లక్షల ఎకరాల మీద 70 సెంటీమీటర్ల నీరు కాగితం మీద మాత్రమే ఉన్నదన్న మాట.

నిల్వను లెక్కింపు అంశంగా ఉంచితే, క్రొత్త సర్వే రాగానే పట్టిక ఒక్కదానిని మార్చితే చాలును. ఆ క్షణం నుంచి అడిగిన ప్రతివారికీ సరియైన నిల్వ, సరియైన వంతు, సరియైన రోజులు వస్తాయి. నమోదు చేసి ఉంచితే పాత అంకెలు ఎక్కడెక్కడ దాగి ఉన్నవో వెదకి దిద్దవలెను. ఒక్కటి మరచినా, ఒకే జలాశయానికి ఒకే రోజున రెండు నిల్వలు కనిపిస్తాయి.

దీనికి మరొక వైపు కూడా ఉన్నది. పట్టికను మార్చగానే పదేళ్ళ క్రితపు మట్టాలకు కూడా క్రొత్త పట్టిక ప్రకారం నిల్వలు మారిపోతే ఎట్లా? ఆనాడు గిన్నె అంతగా పూడలేదు గదా! కనుక పట్టికకు కూడా ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో వ్రాసిపెట్టవలెను. రిజాల్వర్ మట్టం కొలిచిన తేదీని చూచి ఆనాటి పట్టికను ఎన్నుకొంటుంది. అట్లే, ఒకనాడు అధికారులు ‘ఇంత నిల్వ ఉన్నది’ అని ప్రకటించి ఆ లెక్కన నీరు వదలి ఉంటే, ఆ ప్రకటించిన అంకె ఒక చరిత్ర. అది తప్పని తరువాత తేలినా దిద్దరాదు. దానిని ‘ప్రకటించిననిల్వ’ అనే నమోదు అంశంగా వేరే ఉంచవలెను. లెక్కింపు అంశమంటే మోజుపడి అన్నిటినీ అందులోకి నెట్టడం కూడా పొరపాటే.

లెక్కలో భాగహారం ఉన్నచోట ఒక ప్రమాదం కాచుకొని ఉంటుంది. వచ్చే నీటిలో నుంచి పోయే నీటిని తీసివేస్తే శూన్యం వచ్చినదనుకొందాం. అప్పుడు నిండేరోజులు ఎన్ని? శూన్యంతో భాగించడం కుదరదు. పోయే నీరే ఎక్కువైతే ఇంకా విడ్డూరం: ఋణ సంఖ్యలో రోజులు వస్తాయి. ఇట్టిచోట సున్న అని జవాబివ్వడం పెద్ద తప్పు; సున్న రోజులంటే ఇప్పుడే నిండినదని అర్థం. ‘విలువ లేదు’ అనే జవాబు రావలెను. గ్రాఫ్‌క్యూఎల్‌లో దానికి నల్ అని పేరు. ఈ అంశానికి ఆశ్చర్యార్థకం పెట్టకపోవడానికి కారణం ఇదే. పెట్టి ఉంటే, విలువ తప్పక ఉండవలెనన్న నియమం భంగమై, ఆ లోపం ఒక మెట్టు పైకి ప్రాకుతుంది. నిండేరోజులు దొరకలేదని జలాశయం మొత్తమే జవాబులో నుంచి మాయమవుతుంది. కొలబద్ద ఒకనాడు చూడకపోతే మట్టమే ఉండదు. అప్పుడు నిల్వ కూడా నల్ కావలసినదే. లెక్కింపు అంశాలకు ఆశ్చర్యార్థకం పెట్టేముందు పదిసార్లు ఆలోచించడం మంచిది.

వేగం విషయం మరొకటి. జిల్లాలోని మూడు పెద్ద జలాశయాల జాబితా, వాటి నిల్వలు అడిగినారనుకొందాం. జాబితా కోసం డేటాబేసు దగ్గరికి ఒకసారి పోవలెను. తరువాత ఒక్కొక్క నిల్వకు ఒక్కొక్క పట్టిక కావలెను గనుక మరి మూడుసార్లు. మొత్తం నాలుగు. ఇది పెద్ద కష్టం కాదు. కాని మిషన్ కాకతీయ లెక్కలో తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులున్నవి. ప్రతి చెరువుకు పట్టిక ఉండి, అన్నిటి నిల్వలు ఒకేసారి అడిగితే 46 వేలసార్లు డేటాబేసు గడప తొక్కవలసి వస్తుంది! ఉప్పుకు ఒకసారి, పప్పుకు ఒకసారి, చింతపండుకు ఇంకొకసారి అంగడికి పరుగెత్తే పిల్లవాని పని వంటిదే ఇది. బుద్ధిమంతుడు అన్నీ చీటీమీద వ్రాసికొని ఒక్కసారే పోతాడు. డేటాలోడర్ అనే ఉపకరణం చేసే పని సరిగా అదే. రిజాల్వర్లు అడిగిన పట్టికల పేర్లను ఒక్క క్షణం ప్రోగుచేసి, అన్నిటినీ కలిపి ఒకే ప్రశ్నగా పంపుతుంది. వచ్చిన వాటిని ఎవరివి వారికి పంచుతుంది. అప్పుడు రెండు ప్రయాణాలతో పని తీరుతుంది.

లెక్కను రిజాల్వర్‌లోనే చేయవలెనన్న నియమం కూడా లేదు. డేటాబేసు లోపలే చేయవచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసులో 12వ కూర్పు, అనగా 2019 నుంచి, ఒక వరుసలోని అంకెలతో తానే లెక్కగట్టుకొనే నిలువు గడులను ఏర్పరచవచ్చు. వచ్చే నీటికి, పోయే నీటికి గల తేడా వంటిదానికి అది చక్కగా సరిపోతుంది. కాని ఆ గడి తన వరుసను మాత్రమే చూడగలదు. వేరొక పట్టికను తెరవలేదు. కనుక నిల్వ దానివల్ల కాదు. అందుకు డేటాబేసులో ఒక ఫంక్షన్ వ్రాయవలెను. 2018లో విడుదలైన హసురా అనే ఇంజనులో అట్టి ఫంక్షన్‌ను చూపి ‘ఇది జలాశయానికి ఒక అంశం’ అని చెబితే చాలును, స్కీమాలో అదే చేరుతుంది. రిజాల్వర్‌ను చేతితో వ్రాసే పని తప్పుతుంది.

అంశానికి షరతులు కూడా జోడించవచ్చు. పత్రికవారికి నిల్వ టి.ఎం.సి.లలో కావలెను, సైన్సు విద్యార్థికి ఘనపు మీటర్లలో కావలెను. రెండు అంశాలు అక్కరలేదు. ‘నిల్వ’ ప్రక్కన కుండలీకరణాలలో ‘ప్రమాణం’ అనే షరతు పెట్టి, అడిగేవారు దానికి ఏ విలువ ఇస్తే ఆ కొలతలో జవాబు వచ్చేటట్లు రిజాల్వర్ వ్రాయవచ్చు. షరతు ఇవ్వనివారికి టి.ఎం.సి.లని నిర్ణయిస్తే, ముందునుంచీ అడుగుతున్నవారికి ఏ మార్పూ కనిపించదు.

ఈ చివరి మాటలోనే గ్రాఫ్‌క్యూఎల్ సౌకర్యమంతా ఉన్నది. అడిగేవారు ప్రతి అంశాన్నీ పేరు పెట్టి అడుగుతారు గనుక, క్రొత్త అంశం ఎన్ని చేర్చినా పాతవారి విస్తరి మారదు. తీసివేయడం మాత్రం చిక్కు. నిన్నటిదాకా ‘నిల్వ’ అడుగుతున్నవారికి నేడు ఆ పేరే లేదంటే వారి ప్రోగ్రాము ఆగిపోతుంది. అందుకే అక్కరతీరిన అంశాన్ని వెంటనే తుడిచివేయక, దాని ప్రక్కన డెప్రికేటెడ్ అనే గుర్తు, దానికి బదులు ఏది వాడవలెనో కారణం వ్రాసి కొంతకాలం ఉంచుతారు. ఎవరూ అడగడం లేదని తేలిన తరువాతనే తీసివేస్తారు.

తరగతిలో దీనిని కంప్యూటరు లేకుండానే చేసి చూడవచ్చు. బడిలో నీటి తొట్టి 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్నదనుకోండి. వారం రోజులు ఉదయం ఒక విద్యార్థి కర్రతో లోతు కొలిచి నల్లబల్ల మీద వ్రాయవలెను. లోతు తప్ప మరేదీ వ్రాయరాదు. నిల్వ ఎన్ని లీటర్లు, ఒక్కొక్కరికి ఎన్ని లీటర్లు వస్తాయి అనేవి ఇద్దరు విద్యార్థులు ఎవరైనా అడిగినప్పుడే లెక్కించి చెప్పవలెను. లోతు 1.2 మీటర్లయితే 7,200 లీటర్లు. ఆ రోజు బడికి 360 మంది వస్తే తలకు 20. నాలుగోనాడు తొట్టి అడుగున ఇరవై సెంటీమీటర్ల మందాన ఒండ్రు ఉన్నదని తెలిసినదనుకోండి. నల్లబల్ల మీద అంకెల్లో ఏవి మార్చవలెను, లెక్కించేవారిలో ఎవరికి చెప్పవలెను, గడచిన మూడు రోజుల జవాబులు ఏమి కావలెను అని అడగండి. ఆదివారం లోతు ఎవరూ కొలవలేదు. ఆనాటి నిల్వ ఎంత అని కూడా అడగండి. సున్న అని ఎందరు చెబుతారో చూడవచ్చు.